నేటాల్ వెళ్లిన అప్పలస్వామి: ఓడ జాబితా నుంచి ఊరి దాకా

పూర్వీకుల ఊరు వెతికిపెట్టమని మా దగ్గరికి వచ్చిన కేసు ఇది. ఇందులో మనుషుల పేర్లు మార్చాం, ఊరి పేరు చెప్పడం లేదు, సంవత్సరాలను కాస్త అటూ ఇటూ జరిపాం. మార్చిన పేరు కూడా అసలు పేరు పుట్టిన ప్రాంతానిదే. పేరు ఏ నేలదో తెలియకపోతే ఈ కేసు ముందుకు కదిలేది కాదు.

నేపథ్యం

మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. ఇప్పటి దక్షిణాఫ్రికాలో భాగమైన నేటాల్ అప్పట్లో బ్రిటిష్ వలస. అక్కడి చెరకు తోటలకు కాంట్రాక్టు కూలీలను తీసుకెళ్లిన మొదటి ఓడ అదే. 1911లో ఈ పద్ధతి ఆగిపోయేలోపు 1,52,184 మంది అలా వెళ్లారు. అందులో మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడెక్కినవాళ్లే. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. గడువు తీరాక చాలామంది అక్కడే భూమి కౌలుకు తీసుకుని కూరగాయలో చెరకో పండించుకుంటూ స్థిరపడ్డారు. ఈ రోజు దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి, చెట్టి అన్న పేర్లతో ఉన్న కుటుంబాల్లో ఎక్కువ వాళ్ల సంతానమే.

వచ్చిన ప్రతి మనిషికీ, చంకలో బిడ్డతో సహా, ఒక కొలోనియల్ నంబరు ఇచ్చారు. ఓడ జాబితాలో సాధారణంగా ఆ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు, ఎత్తు ఉంటాయి. మనిషి పేరు తర్వాతి కాగితాల్లో ఎన్ని రకాలుగా మారినా నంబరు మారదు. పెళ్లి నమోదు, పిల్లల పుట్టుక, కాంట్రాక్టు విడుదల, చావు, అన్నిటి పక్కనా అదే నంబరు. అందుకే నేటాల్ కేసుల్లో పేరుకంటే ముందు నంబరు వెతకాలంటారు. మొదట్లో మేం ఆ పని చేయలేదు.

వచ్చిన సమస్య

అడిగినావిడ డర్బన్ దగ్గర ఉంటారు, వయసు అరవై దాటింది. ముత్తాత పేరు అప్పలస్వామి నాయుడు, ముత్తవ్వ పేరు మునియమ్మ. ముత్తాత 1930ల చివర పోయాడు. ఇంట్లో మిగిలిన జ్ఞాపకాలు మూడు: ఊరు ‘వైజాగ్’, కులం నాయుడు, ఒక జమీందారుకు దగ్గరి బంధువులు. ఆవిడకు కావలసినవి రెండు: పుట్టిన ఊరు, అక్కడ రక్తసంబంధీకులు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ల ఆచూకీ.

పని మొదలుపెట్టకముందే ఒక విషయం రాతపూర్వకంగా మాట్లాడుకున్నాం. ఓడ జాబితాలో కులం గడి ఉంటుంది. అందులో ఇంట్లో చెప్పుకున్నదే ఉంటుందన్న హామీ లేదు. భార్యాభర్తలు ఒకే ఊరివాళ్లు కాకపోవచ్చు, ఒకే కులమూ కాకపోవచ్చు. ప్రతి వంద మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లను ఎక్కించాలన్న నిబంధన వల్ల డిపోలోనే, అంటే ఓడెక్కేముందు కూలీలను ఉంచే చోటే, కలిసిన జంటలు చాలా ఉన్నాయి. ఏం బయటపడినా చెప్పాలా, అడిగితేనే చెప్పాలా అన్నది ముందే తేల్చుకోవాలి. ఆవిడ ‘అంతా చెప్పండి’ అన్నారు. ఈ మాట తర్వాత పనికొచ్చింది.

మొదటి ప్రయత్నం: పేరుతో వెతకడం

ఓడ జాబితాల డిజిటల్ సూచికలో అప్పలస్వామి కోసం వెతికాం. జిల్లా విశాఖపట్నం, కులం నాయుడు అని వడపోస్తే ఒక్కరూ రాలేదు. ఇది ఆశ్చర్యం కాదు. నాయుడు అనేది గౌరవవాచకం. ఉత్తరాంధ్రలో వెలమలూ, తూర్పు కాపులూ, మరికొందరూ పెట్టుకునేది. డిపో గుమస్తా కులం అడిగితే 22 ఏళ్ల కూలీ నాయుడని చెప్పుకున్న సందర్భాలు తక్కువ. నేటాల్‌లో పిల్లల్ని బడిలో వేసేటప్పుడో, భూమి రాయించుకునేటప్పుడో ఇంటిపేరు గడిలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి అక్కడ నాయుడు వచ్చి కూర్చుంది. అసలు ఇంటిపేరు ఆ గడిలోకి చేరనేలేదు.

కులం వడపోత తీసేశాం. అన్ని వర్ణక్రమాలూ కలిపితే విశాఖపట్నం జిల్లా నుంచి పదకొండు మంది అప్పలస్వాములు తేలారు. వాళ్లలో ఒకరి మొదటి యజమాని పేరు, కుటుంబం చెప్పే తోట పేరు ఒకటే. వయసూ సరిపోయింది. ఇక్కడే తొందరపడ్డాం. ఆ మనిషి ఊరు పట్టుకుని, పాత తాలూకా పటాలు తిరగేసి, రెండు నెలలు పనిచేశాక అసలు రిజిస్టరు పేజీ ఫొటో చేతికొచ్చింది. సూచికలో ఎక్కని గీత ఒకటి దాని మార్జిన్‌లో ఉంది: కాంట్రాక్టు తీరాక ఇండియాకు తిరిగి వెళ్లాడు. తిరిగి వెళ్లినవాళ్లు మళ్లీ రావడం ఉంది. కానీ మళ్లీ వస్తే కొత్త నంబరు వస్తుంది, అలాంటిది లేదు. ఈయన మన మనిషి కాడు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, తోట పేరు కలవడాన్ని సాక్ష్యంగా లెక్కేశాం. పెద్ద చెరకు తోటలో ఒకే దశాబ్దంలో వందల మంది పనిచేశారు. పైగా 1895 నాటి 17వ చట్టం ప్రకారం, ఆ తర్వాత వచ్చినవాళ్లు కాంట్రాక్టు తీరి అక్కడే స్వేచ్ఛగా ఉండాలంటే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. అంటే 60 షిల్లింగులు, మొదటి ఏడాది జీతంలో ఆరు నెలలది. అది కట్టలేక మళ్లీ కాంట్రాక్టులో చేరినవాళ్లు ఎందరో. కాబట్టి కుటుంబానికి గుర్తున్న తోట రెండో కాంట్రాక్టుదో మూడో కాంట్రాక్టుదో అయి ఉండొచ్చు. ఓడ జాబితాలో కనిపించేది మొదటి యజమాని మాత్రమే. చివరికి ఇక్కడ జరిగిందీ అదే.

రెండో ప్రయత్నం: డీఎన్ఏ

అడిగినావిడ అప్పటికే పరీక్ష చేయించుకుని ఉన్నారు. పోలిక కుదిరినవాళ్ల జాబితాలో 20 నుంచి 40 సెంటీమోర్గన్ల (ఇద్దరిలో కలిసే డీఎన్ఏ ఎంతో చెప్పే కొలత) పోలికలు చాలా ఉన్నాయి, అయితే దాదాపు అందరూ డర్బన్ చుట్టుపక్కలవాళ్లే. నేటాల్ తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నాయి. దానికి తోడు మేనరికాలు. మేనమామ కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఒకే డీఎన్ఏ ముక్క రెండు దారుల్లో దిగుతుంది. పట్టికలో నాలుగో తరం బంధువు రెండో తరం బంధువులా కనిపిస్తాడు. ఎవరు ఏ వైపు బంధువో విడదీయడానికి ఇండియా వైపు నుంచి ఒక్క మనిషైనా కావాలి, అలాంటివాళ్లు ఆ జాబితాలో లేరు. ఈ దారి మూసేశాం, తలుపు గడియ పెట్టకుండా.

మూడో ప్రయత్నం: చావు నుంచి వెనక్కి

మొదటే చేయాల్సిన పని ఇది. నేటాల్‌లో ఆస్తి ఉన్న మనిషి పోతే మాస్టర్ ఆఫ్ ది సుప్రీంకోర్టు దగ్గర ఎస్టేట్ ఫైలు తెరుచుకుంటుంది. పాత ఫైళ్లు పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ సూచికలో పేరుతో దొరుకుతాయి. అందులోని డెత్ నోటీసు ముఖ్యం: పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, భార్య, పిల్లలు.

ఫైలు దొరికింది. తల్లిదండ్రుల గడిలో ‘తెలియదు’ అని ఉంది. పుట్టిన చోటు ‘విశాఖపట్నం, ఇండియా’. సమాచారం ఇచ్చింది అల్లుడు. డెత్ నోటీసు విలువ సంతకం పెట్టినవాడికి ఎంత తెలుసో అంతే. అల్లుడికి మామగారి తండ్రి పేరు తెలియకపోవడం వింతేమీ కాదు. చాలామంది ఇక్కడే ఫైలు మూసేస్తారు. కానీ దాని వెనక రెండు కాగితాలున్నాయి.

ఒకటి పిల్లల జాబితా, వయసులతో. దాన్ని పట్టుకుని ఇండియన్ ఇమ్మిగ్రెంట్ల ప్రొటెక్టర్ ఆఫీసు (వలస కూలీల వ్యవహారాలు చూసిన నేటాల్ సర్కారు ఆఫీసు) పుట్టుక రిజిస్టర్లలో రెండో కొడుకు నమోదును పట్టాం. అందులో తల్లి, తండ్రి ఇద్దరి కొలోనియల్ నంబర్లూ ఉన్నాయి. పెద్ద బిడ్డ నమోదు దొరకలేదు. దొరికినా దాని ఒక్కదాన్నే నమ్మేవాళ్లం కాదు. మూడో బిడ్డ నమోదు కూడా తీసి, రెండు చోట్లా నంబర్లు ఒకటేనని చూసుకున్నాకే ముందుకెళ్లాం. ఆ దస్తూరీలో 1కీ 7కీ తేడా పట్టడం కష్టం. ఒక్క అంకె తప్పితే ఇంకో మనిషి వంశం మనకు అంటుకుంటుంది.

రెండోది వీలునామా. తెలుగులో రాసింది, దానికి ప్రమాణీకరించిన ఇంగ్లీషు అనువాదం జత చేశారు. అనువాదంలో ఆయన పేరు అప్పలస్వామి నాయుడు. తెలుగు ప్రతి అడుగున చేవ్రాలులో మాత్రం పేరుకు ముందు మూడక్షరాల ఇంటిపేరు ఉంది, నాయుడు అన్న మాటే లేదు. అనువాదకుడికి అది అనవసరం అనిపించి వదిలేసి ఉండాలి. దాదాపు నలభై ఏళ్లుగా ఏ సర్కారు కాగితమూ అడగని ఇంటిపేరును ఆయన తన చేత్తో అక్కడ రాశాడు. ఫైలు నకలు అడిగేటప్పుడు ‘అనువాదం ఉంటే చాలు, తెలుగు పేజీలు వద్దు’ అనుకుని ఉంటే కేసు అక్కడితో ఆగేది. తెలుగు, తమిళ లిపుల్లో ఉన్న ప్రతి పేజీ, వెనక వైపుతో సహా, అడిగి తీసుకోవాలి.

నంబరు చూపించిన వరుస

నంబరుతో ఓడ జాబితాకు వెళ్తే మా వెతుకులాట ఎందుకు బెడిసికొట్టిందో అర్థమైంది. మూడు చిక్కులు ఒకే వరుసలో ఉన్నాయి. పేరు ‘ఉప్పలసామి’ అని పడింది. ‘అ’ శబ్దానికి ఇంగ్లీషు ‘యు’ రాయడం అప్పటి మద్రాసు గుమస్తాల అలవాటు. కులం గడిలో అసలు పేజీ మీద వెలమ అని ఉంటే, సూచిక తయారుచేసినవాళ్లు తమిళ కులమైన వెల్లాల అని చదివారు. దాంతో ఆ మనిషి సూచికలో తమిళుడైపోయాడు. ఇక జిల్లా: విశాఖపట్నం కాదు, గంజాం. తాలూకా చికాకోల్, అంటే శ్రీకాకుళం.

అయితే ఇంట్లోవాళ్లు చెప్పిన ‘వైజాగ్’ అబద్ధమా? కాదు. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి గంజాంలో ఎక్కువ భాగం అటు పోయినప్పుడు ఈ తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం సొంత జిల్లా అయింది 1950లో. అల్లుడు డెత్ నోటీసు నింపింది 1936 తర్వాత, అప్పటి పాలన లెక్కలో విశాఖపట్నం సరైన జవాబే. కుటుంబ జ్ఞాపకం పుట్టిన తేదీ ఏమిటో తెలుసుకోకుండా దాన్ని ఓడెక్కిన నాటి పటం మీద పెట్టడం మా పొరపాటు. తెలుగు నేల మీద ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటులో ఉంది. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. 19వ శతాబ్దపు జాబితాలో చిత్తూరు జిల్లా అని వెతికితే ఏమీ రాదు.

నిజానికి పేరే దారి చూపించాల్సింది. అప్పల అన్న మాటతో వచ్చే పేర్లు, సింహాద్రి, సన్యాసి, పైడితల్లి, ఇవన్నీ సింహాచలం అప్పన్న చుట్టూ, విజయనగరం పైడితల్లమ్మ చుట్టూ అల్లుకున్న పేర్లు. తండ్రి పేరు ‘సన్నసీ’ అని ఉంది, అంటే సన్యాసి. సూచిక ఎంత తమిళుడని చెప్పినా, సన్యాసి కొడుకు అప్పలస్వామిని వెల్లాల కులంలో వెతకమంటే తెలుగువాడు ఎవడూ ఒప్పుకోడు.

ఊరు

ఊరి గడిలో రెండో సగం ‘పేట’ అని చక్కగా ఉంది. మొదటి సగం సిరా అలికిపోయి, నాలుగైదు రకాలుగా చదవొచ్చు. తాలూకాలవారీ గ్రామాల జాబితా తీస్తే సరిపోయేది ఒక్కటీ లేదు. పేట అనేవి చాలావరకు రెవెన్యూ గ్రామాలు కావు, శివారు పల్లెలు. జాబితాలో తల్లి గ్రామం పేరే ఉంటుంది. అందుకని పాత సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి మైలు పటాలు పరిచి, శివారు పేటలను చేత్తో ఎత్తి రాసుకున్నాం. ధ్వని దగ్గరగా ఉన్నవి అయిదు తేలాయి. 1985లో మండలాలు వచ్చాక అవి వేర్వేరు మండలాల్లో పడ్డాయి.

ఇప్పుడు అయిదింటిలో ఒకటి ఎంచాలి. జనన మరణాల రిజిస్టర్లు పనికిరావు. మద్రాసు నమోదు చట్టం 1899 నాటిది, ఈయన పుట్టింది 1870లలో. జమీందారీ గ్రామాలైతే రైతుల పేర్లతో సర్కారు దగ్గర పట్టా రికార్డు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే తయారైంది. అయిదింటిలో మూడు అలాంటివే. మిగతా రెండింటి సెటిల్మెంటు రిజిస్టర్లో (భూమి, శిస్తు వివరాల సర్కారు పుస్తకం) ఒక దాంట్లో మనకు కావలసిన ఇంటిపేరు కనిపించింది, సన్యాసి పేరుతో చిన్న చెక్క. కానీ ఒక్క ఇంటిపేరు, ఒక్క సన్యాసి సరిపోవు. ఆ ప్రాంతంలో ఇంటింటికీ ఓ సన్యాసి ఉంటాడు.

ఊళ్లో అడిగితే? అడిగించాం, అయితే జవాబు ముందే మనం అందించకుండా. ‘మీవాళ్లు ఆఫ్రికా వెళ్లారటగా’ అని అడిగితే వచ్చినవాళ్లను నిరాశపరచడం ఇష్టం లేక అవుననేస్తారు. ‘మీ ఇంటిపేరువాళ్లలో ఊరొదిలి తిరిగి రానివాళ్లు ఎవరు?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఒక ముసలాయన తాతగారి అన్న ‘రంగం పోయి మరి రాలేద’ని చెప్పాడు. రంగం అంటే రంగూన్. మొదట అది వ్యతిరేక సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ ఆ తీరం నుంచి బర్మాకు వెళ్లినవాళ్లు ఎంతమందంటే, సముద్రం దాటిన ప్రతివాడూ జనం నోట రంగం పోయినవాడే. కొట్టేయలేదు, ఒప్పుకోనూ లేదు. పేరు అడిగితే ఆయనకు గుర్తులేదు.

తేల్చిన కాగితం

ఊరొదిలినవాడి పేరు సొంతూరి కాగితాల్లో ఎప్పుడు కనబడుతుంది? వాడు లేకపోవడం ఎవరికైనా అడ్డొచ్చినప్పుడు. హిందూ ఉమ్మడి కుటుంబంలో తండ్రి భూమి మీద కొడుకులందరికీ వాటా ఉంది. తమ్ముడు భూమి అమ్మబోతే కొనేవాడు అడుగుతాడు: మీ అన్న సంగతేమిటి, రేపు వచ్చి వాటా అడిగితే? ఆ భయం దస్తావేజులోకి ఎక్కుతుంది. కాబట్టి అప్పలస్వామి పేరుతో కాక, ఆ ఇంటిపేరుతో అమ్మినవాళ్ల కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వెతకాలని నిర్ణయించాం.

పద్ధతి ఇది. మొదటి పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఉంటాయి. వాటికి రెండు సూచికలు, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తితో. కంప్యూటర్లో ఇచ్చే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) అంత వెనక్కి పోదు, చేత్తో వెతికించుకోవాలి. సూచికలు ఏడాదికొకటి, రుసుమూ ఆ లెక్కనే. అందుకే ఏళ్లను కుదించాలి. ఎంతకాలం కనబడకపోతే మనిషిని పోయినట్టు లెక్కించవచ్చు? అప్పట్లో అమల్లో ఉన్న 1872 సాక్ష్యాల చట్టం 108వ సెక్షను ప్రకారం ఏడేళ్లు. ఓడెక్కింది 1890ల చివర. దానికి ఏడు కలిపి, అక్కడ్నుంచి పదిహేనేళ్ల సూచికలు అడిగాం. పేరు సూచికలో ఆ ఇంటిపేరు కింద నాలుగు ఎంట్రీలు వచ్చాయి. నాలుగింటికీ సర్టిఫైడ్ నకళ్లు తీసుకున్నాం. మూడో దస్తావేజులో అమ్మినవాడు ‘సన్యాసి కొమారుడు’. తన అన్న అప్పలస్వామి దేశాంతరం వెళ్లి పదేళ్లుగా జాడ లేదనీ, ఎప్పుడైనా వచ్చి వాటా కోరితే దానికి తానే బాధ్యుడిననీ రాయించాడు. ఊరి పేరు అలికిపోయిన సిరాలోంచి చదివిన వాటిలో ఒకటి.

ఇంటిపేరు వీలునామా నుంచి, తండ్రి పేరు ఓడ జాబితా నుంచి వచ్చాయి. ఒకదాన్ని చూసి ఒకటి రాసిన కాగితాలు కావు. ఆ రెంటినీ ఈ దస్తావేజు ఒకచోట కలిపింది. అయినా దేశాంతరం అంటే నేటాలే కానక్కర్లేదు. అదే ఇంటిపేరుతో ఇంకో అప్పలస్వామి ఉన్నాడేమోనని ఆ సూచికల్లోనే చూశాం. ఒకడున్నాడు, తండ్రి పేరు వేరు, ఊళ్లోనే ఉండి ఆస్తి కొన్నాడు.

ఇక్కడ డీఎన్ఏ మళ్లీ తెరిచాం. తమ్ముడి మునిమనవడు ఒకరు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారు. ఒప్పుకుని పరీక్ష చేయించుకున్నారు. లెక్క ప్రకారం ఆయనా, మనల్ని అడిగినావిడా మూడో కజిన్లు. అలాంటివాళ్ల మధ్య సగటు పోలిక 70 సెంటీమోర్గన్లకు కాస్త పైన ఉంటుంది. పదిమందిలో ఒకరికి ఏమీ కలవకపోవచ్చు, కాబట్టి సున్నా వచ్చినా కేసు పోయినట్టు కాదని ముందే చెప్పి ఉంచాం. 58 వచ్చింది, నాలుగు ముక్కల్లో. అది ఊరంతటికీ ఉండే పోలికేనేమో అన్న సందేహం తీరడానికి అదే ప్రాంతపు మూలాలున్న, వేరే ఇంటిపేరు గల ఇద్దరితో పోల్చాం. ఒకరితో ఏమీ కలవలేదు, రెండోవారితో 8 దగ్గర ఆగింది. నివేదికలో ‘రుజువైంది’ అని రాయలేదు; ‘ఇప్పుడున్న సాక్ష్యం అంతా ఒకే మనిషిని చూపిస్తోంది, ఎదురు సాక్ష్యం లేదు’ అని రాశాం. జమీందారు బంధుత్వానికి ఎక్కడా ఆధారం దొరకలేదని కూడా.

పని క్రమంలో మారినవి

ఇప్పుడు నేటాల్ కేసు ఏది వచ్చినా మొదటి నెలలో ఓడ జాబితా ముట్టుకోం. ఎస్టేట్ ఫైలు, ఇద్దరు పిల్లల పుట్టుక నమోదులు, వాటి నుంచి నంబరు, ఆపైనే జాబితా. సూచిక కనిపించినా అసలు పేజీ ఫొటో, మార్జిన్లతో సహా రాకుండా ఏ మనిషినీ ఖాయం చేయం. కుటుంబం చెప్పిన ప్రతి ఊరి పేరు పక్కనా ‘ఎవరు, ఎప్పుడు చెప్పారు’ అని రెండు గడులు పెట్టాం.

మునియమ్మ సంగతి ఇంకా తేలలేదు. ఆవిడ నంబరు భర్త నంబరుకు దగ్గరగా లేదు. రెండేళ్ల తర్వాత వేరే ఓడలో ఒంటరిగా వచ్చింది. జిల్లా ఉత్తర ఆర్కాటు, తాలూకా చిత్తూరు, కులం వేరు. పేరు చూస్తే అది ముందే ఊహించాల్సింది. మునియమ్మ అన్న పేరు శ్రీకాకుళం వైపు వినబడదు. తండ్రి పేరు గడిలో ఉన్నది చదవగలుగుతున్నాం, ఊరి పేరు కూడా. కానీ ఆవిడకు వీలునామా లేదు, ఎస్టేట్ ఫైలు లేదు, చేవ్రాలు లేదు. తండ్రి పేరు మీద అక్కడి ఇనాం ఫెయిర్ రిజిస్టరు (ఇనాం భూముల పుస్తకం), సెటిల్మెంటు రిజిస్టరు చూశాం, రెండింట్లోనూ లేడు. ఆడపిల్ల వాటా ఆ రోజుల్లో ఏ అమ్మకానికీ అడ్డు రాదు కాబట్టి దస్తావేజు దారి కూడా ఈవిడకు పనికిరాదు. ప్రొటెక్టర్ ఆఫీసు పెళ్లి నమోదులో ఆవిడ వైపు సాక్షి ఒకరున్నారు, నంబరుతో సహా. ఆ నంబరుకూ ఆవిడ నంబరుకూ తేడా పన్నెండే. నంబర్లు వచ్చిన వరుసలో ఇచ్చినవి కాబట్టి, ఒకే ఓడ అయి ఉండాలి. ఆ సాక్షి ఊరు ఏదో చూడటానికి పేజీ ఫొటో అడిగాం.